మనసు అడిగితే గ్యాస్ గోలీ

తనకేం కావాలో తెలుసుకున్న మనిషితో ఇంటిల్లిపాదికీ ఇబ్బందే. ఇవాళ ‘నా పక్కన కాసేపు కూసో’ అంటాడు. రేపు ‘ఆ మాట నాకు కష్టమనిపించింది’ అంటాడు. ఎల్లుండి ముసలి బాపును పట్టుకొని ‘నువ్వు నన్ను ఒక్కసారన్నా మెచ్చుకున్నవా?’ అని నిలదీస్తాడు. ఇట్లా అయితే నాట్లు ఎప్పుడు పడాలి, చిట్టీ ఎవరు కట్టాలి? అందుకే బాన్సువాడలో, చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న పద్ధతులు కొన్ని ఇక్కడ పోగుచేశాను. శ్రద్ధగా పాటిస్తే అరవై ఏళ్లు నిండేదాకా మీ మనసులో ఏముందో మీకు తెలియకుండా బతికేయొచ్చు. అరవై దాటాక మోకాళ్లు ఎలాగూ పట్టేస్తాయి, ధ్యాసంతా వాటి మీదే ఉంటుంది.

మొదట చేయాల్సింది లోపలి గుంపును తగ్గించుకోవడం. నాట్యశాస్త్రం చెప్పిన భరతముని బాగా తీరికున్న మనిషి. స్థాయీభావాలు ఎనిమిదన్నాడు, వాటి మధ్య వచ్చిపోయేవి 33 అని లెక్క తేల్చాడు. దైన్యం వేరట, విషాదం వేరట, చింత వేరట, గ్లాని వేరట, నిర్వేదం మరీ వేరట. ఇన్నింటిని ఇంట్లో పెట్టుకుంటే ఎరువుల దుకాణం ముందు లైన్‌లో నిలబడేది ఎవరు? మగవాళ్లకు కోపం ఒక్కటి చాలు. భయమేస్తే కోపం, సిగ్గేస్తే కోపం, దిగులేస్తే కోపం. బిడ్డను గురుకులంలో వదిలేసి వచ్చిన రోజు సాయంత్రం ఇల్లు బోసిగా అనిపిస్తే, దాన్ని బోసితనం అనుకొని కూర్చోకండి. కూరలో ఉప్పెక్కువైందని కంచం నెట్టేయండి. ఉప్పు సరిగ్గానే ఉంటుంది, అది మీకూ తెలుసు, వండినామెకూ తెలుసు. అయినా ఆ రాత్రి గొడవంతా ఉప్పు మీదే నడవాలి, బిడ్డ పేరు ఎవరి నోటా రాకూడదు.

ఆడవాళ్లకు కోపం ఇచ్చే ఆనవాయితీ లేదు కాబట్టి తలనొప్పి ఇవ్వాలి. పిల్లలు ఏడిస్తే ఎందుకని అడగకుండా చేతికి ఫోను ఇవ్వాలి. ఈ ముక్క నేను చెప్పేదాకా ఎవరూ ఆగలేదు.

భరతుడి 33లో ఒక్కటి మాత్రం పారేయకండి. అవహిత్థ అని ఉంది: లోపలున్నది ముఖం మీదికి రాకుండా దాచడం. దాచడాన్ని కూడా ఒక భావంగా లెక్కేశాడంటే ఆ మహానుభావుడు మంజీరా గట్టున కొన్నాళ్లు కాపురం చేసి ఉండాలి.

సెలైన్ మహిమ

నోటితో చెప్పలేనిది ఒంటితో చెప్పించడం రెండో మెట్టు. ఛాతీలో బరువుగా ఉందా? గ్యాస్. నిద్ర పడతలేదా? వేడి చేసింది. ఏ పనీ చేయబుద్ధి కాదా? రక్తం తక్కువ. పరగడుపున ఒక గ్యాస్ గోలీ వేసుకోండి. పాంటాప్రజోల్ కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తుంది, దాని పని అది చక్కగా చేస్తుంది. రెండేళ్లుగా కొడుకు ఫోన్ చేయకపోవడం దాని పరిధిలోకి రాదు. అందుకని గుణం కనిపించకపోతే గోలీ మార్చండి. గోలీ తర్వాత సిరప్, సిరప్ తర్వాత ఈసీజీ, ఆ తర్వాత నిజామాబాద్ పోయి ఎండోస్కోపీ. రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తే డాక్టరును అనుమానించండి. హైదరాబాద్ ఎందుకు ఉంది?

ఇదంతా పల్లెటూరి అమాయకత్వమని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేసిన అధ్యయనం మీద 1999లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. అందులో మన పక్కనున్న బెంగళూరూ ఉంది. మామూలు డాక్టర్ల దగ్గరికి వచ్చిన డిప్రెషన్ రోగుల్లో నూటికి 69 మంది తమ బాధగా ఒంటి నొప్పులనూ నీరసాన్నీ మాత్రమే చెప్పుకున్నారు. కాబట్టి ఈ విషయంలో బాన్సువాడ ప్రపంచానికి వెనకబడి ఏమీ లేదు. అయితే అదే వ్యాసంలో కొంచెం కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. మనసు సంగతి సూటిగా అడిగినప్పుడు ‘అదేం లేదు’ అన్నవాళ్లు నూటికి 11 మందే. తక్కినవాళ్లు అడగ్గానే ఒప్పుకున్నారు. చూశారా, ఒక్క ప్రశ్నకు గుట్టంతా ఎట్లా బయటపడుతుందో! కనుక ఎవరినీ సూటిగా ఏమీ అడగకండి. ‘పానం ఎట్లున్నది?’ దగ్గర ఆగిపోండి.

గోలీలన్నీ అయిపోయాక సెలైన్. ఈ వైద్యాన్ని దగ్గరి నుంచి చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. కిటికీ ఊచకు సీసా వేలాడదీస్తారు. ఆర్‌ఎంపీ ముంజేయి తట్టి తట్టి నరం దొరికించుకొని, సూది గుచ్చి, ప్లాస్టర్ అంటించి, ‘కదలకు చెల్లె’ అని చెప్పి ఇంకో ఇంటికి పోతాడు. అర లీటరు సీసాలో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ సీసా అయితే 25 గ్రాముల చక్కెర. చుక్క చుక్కగా అది ఎక్కడానికి రెండు గంటలు పడుతుంది.

ఆ రెండు గంటలూ ఆమెకు ఎవరూ పని చెప్పరు. అత్త వచ్చి మంచం అంచున కూర్చుంటుంది. ఆడబిడ్డ కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకొస్తుంది. పక్కింటి వదినె బీడీల చాట ఇక్కడికే తెచ్చుకొని, బీడీలు చేసుకుంటూ, సీసాలో ఎంత మిగిలిందో చూసి చెప్తూ ఉంటుంది. మొగుడు దుకాణం మూసి వస్తాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. జ్వరం ఉండదు, అయినా చెయ్యి వెంటనే తియ్యడు. సీసా ఖాళీ అయ్యేసరికి ఆమె లేచి కూర్చొని చాయ్ అడుగుతుంది. ‘సెలైన్ ఎక్కంగనే పానం లేచొచ్చింది’ అంటారందరూ.

ఘనతంతా ఉప్పుకే ఇవ్వండి. సూదీ సీసా లేకుండా రెండు గంటలు ఆమె పక్కన కూర్చొని చూద్దామన్న దురాలోచన ఎవరికైనా వస్తే మొగ్గలోనే తుంచేయండి. అది గనక పనిచేసిందని తెలిస్తే ఊళ్లో ఎంతమంది పొట్ట కొట్టినవాళ్లవుతారో ఆలోచించండి.

సీసా ఇంకొకటి

సెలైన్ ఆడవాళ్లకు బాగా పడుతుంది. మగవాళ్లకు పెద్దలు ఇంకో సీసా చూపించారు. నేను చెట్టు కల్లు సంగతి చెప్పడం లేదు, దాని రుచి వేరు, దాని మర్యాద వేరు. చెట్లు తక్కువై, తాగేవాళ్లు ఎక్కువై, మధ్యలో మందు కలిసి వచ్చేదాని సంగతి చెప్తున్నాను. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారని ఎక్సైజ్ కేసులు చెప్తూనే ఉన్నాయి. ఇందులో అల్ప్రాజోలం అంటే ఆందోళనకు, కారణం లేకుండా గుండె దడదడలాడే జబ్బుకు మానసిక వైద్యుడు కొలిచి రాసిచ్చే మందు. ‘నాకేమన్న పిచ్చా, పిచ్చి డాక్టరు దగ్గరికి నేనెందుకు పోతా’ అని మీసం మెలేసే మనిషికి ఆ మందే సీసాలో దొరుకుతుంది. చీటీ లేదు, కొలత లేదు, పక్కన గుడాలు కూడా. ఇంతకన్నా గౌరవంగా రోగిని చూసుకునే దవాఖానా ఎక్కడైనా ఉందా?

చిన్న చిక్కులు ఉంటాయి, ఒప్పుకుంటాను. 2015లో కల్తీ మీద దాడులు జోరందుకున్నప్పుడు నిజామాబాద్ జిల్లాలో, అప్పటికి బాన్సువాడ కూడా ఆ జిల్లాలోదే, ఉన్నట్టుండి కల్లు అందనివాళ్లు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, తమలో తాము మాట్లాడుకుంటూ ఆసుపత్రుల పాలయ్యారు. 2025 ఏప్రిల్‌లో దానికి తిరగేసి జరిగింది. నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో బాన్సువాడ ఆసుపత్రికి వచ్చారు. రెండుసార్లూ కల్లులో ఏం కలిపారని గట్టిగానే అడిగారు, శాంపిళ్లు తీశారు, మంచిదే. పొద్దంతా కష్టం చేసిన మనిషి పొద్దూకాక ఆ దుకాణానికి దేనికోసం పోతున్నాడని అడిగిన వార్త మాత్రం నా కంట పడలేదు. దుకాణంలో నేల మీద కూర్చున్నాక ఒకడి భుజం మీద ఇంకొకడు చెయ్యి వేస్తాడు, ‘నీకెందుకే అన్నా, నేనున్న’ అంటాడు. తెల్లారి ఇద్దరూ ఎదురుపడితే ఆ మాట ఎత్తరు. మత్తులో అన్న మాటకు తెల్లారి లెక్క లేదు. ఈ నియమం మీరు కూడా పాటించండి. మెలకువగా ఉండి ‘నేనున్న’ అన్నారంటే నిజంగానే ఉండాల్సి వస్తుంది.

దుబాయ్ ఫోను

మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా మనకు దుబాయే. అసలు దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ పిల్లలు పడుకునే వేళకు అక్కడ డ్యూటీ దిగి గదికి చేరతారు. ఇమో మోగుతుంది. ఆ ఫోన్‌లో ఏం మాట్లాడాలో పద్ధతి ప్రకారం నేర్చుకోకపోతే సంసారాలు దెబ్బతింటాయి. పద్ధతి ఇది.

‘తిన్నవా?’

‘తిన్న. నువ్వు?’

‘తిన్న. ఏం కూర?’

‘పప్పు. నువ్వు?’

‘కుబ్బూస్ తిన్న. పైసలు వచ్చినయా?’

‘వచ్చినయి. చిట్టీ కట్టిన.’

‘పొల్లగాడు?’

‘పండుకున్నడు.’

‘ఎండలు ఎట్లున్నయి?’

‘ఉన్నయి.’

‘ఇంక?’

‘ఇంక నువ్వే చెప్పాలె.’

‘ఏం లేదు. సరే మరి, పెడ్తున్న.’

‘పెట్టు.’

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పెట్టు అన్నాక ఇద్దరూ పెట్టరు. అటు గదిలో ఎవరో బాత్రూం వంతు కోసం హిందీలో కేకలేస్తుంటారు, ఇటు తునికాకు మీద కత్తెర నడుస్తుంటుంది. ఈ పది సెకన్లే అసలు ప్రమాదం. నాలుగేళ్లు దాచిందంతా ఇందులోంచే జారిపోవచ్చు. ‘నెట్‌వర్క్ సరిగ లేదు’ అని నొక్కేయండి. ఆమె చేతులు కూడా ఆగకుండా చూసుకోవాలి. 25 బీడీలకు ఒక కట్ట, 40 కట్టలకు వెయ్యి. చేతులు ఆగితే ఆలోచన మొదలవుతుంది, ఆలోచనకు కార్ఖానాలో కూలి కట్టరు.

వెనకటివాళ్లకు ఇంత సౌకర్యం లేదు. ఇమో రాకముందు, ఉత్తరం రాయడం రానివాళ్లు టేపురికార్డర్ ముందు కూర్చొని మాట్లాడి క్యాసెట్ పంపేవాళ్లు. అటు అరగంట, ఇటు అరగంట టేపు. ‘తిన్నవా’ నాలుగు సెకన్లలో అయిపోతుంది, పైసల ముచ్చట రెండు నిమిషాలు. మిగతా టేపు ఏం చేస్తారు? అడిగేవాడు ఎదురుగా లేడు, ఆపేవాడు లేడు. పాడినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు. ముఖం కనిపించే ఫోన్ వచ్చాక ఆ ముప్పు తప్పింది. ముఖం కనబడుతుంటే నవ్వాలి కదా.

చదువుకున్నవాళ్లు ఇందుకు శాస్త్రం కూడా చూపించుకోవచ్చు. అబ్రహాం మాస్లో అనే అమెరికా మనస్తత్వవేత్త 1943లో రాసిన వ్యాసంలో మనిషి అవసరాలకు ఒక వరస పెట్టాడు. తిండీ నిద్రా ముందు, తర్వాత భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, చిట్టచివర తాను ఏం కాగలడో అది కావడం. దీన్ని మనం ఇట్లా చదువుకోవాలి: ముందు వీసాకు చేసిన అప్పు తీరాలి, తర్వాత స్లాబు పడాలి, దాని మీద ఇంకో స్లాబు, ప్రహరీ, స్టీలు గేటు, బోరు, చెల్లె పెండ్లి. ఇవన్నీ అయ్యాక మంచి రోజు చూసుకొని ప్రేమ. ఆ వ్యాసం మొత్తం మాత్రం చదవకండి. కిందిది నూటికి నూరు నిండితేగానీ పైది మొదలుకాదనుకోవడం తప్పని మాస్లో అందులోనే రాసిపెట్టాడు. మామూలు మనిషికి తిండి అవసరం 85 శాతం, భద్రత 70, ప్రేమ 50 తీరి ఉంటాయనుకుందాం అని ఊహకు అంకెలు కూడా వేశాడు. అంటే అన్ని ఆకళ్లూ ఒకేసారి ఉంటాయని ఆయన ఉద్దేశం. స్లాబు పడేదాకా ఆగమని చెప్పలేదు. అందరికీ తెలిసిన ఆ పిరమిడ్ బొమ్మయితే ఆ వ్యాసంలో లేనే లేదు. మనకు బొమ్మ చాలు.

ఇక సెలవు మీద వచ్చిన మనిషి సంగతి. తాడుతో బిగించి, నాలుగు వైపులా పేరూ ఊరూ రాసిన అట్టపెట్టె దిగుతుంది. టాంగ్ డబ్బాలు, టైగర్ బామ్, సెంటు సీసాలు, పూల దుప్పట్లు. మూడో రోజుకు పంచడం అయిపోతుంది. నాలుగో రోజు నుంచి ఆయనకు ఆ ఇంట్లో ఏ స్విచ్ దేనిదో తెలియదు. బ్యాంకుకు పోయేది ఆమె, యూరియాకు లైన్ కట్టేది ఆమె, కాలువ నీళ్ల వంతు కోసం మాట్లాడేది ఆమె. కొడుకు పెన్సిల్ కావాలన్నా తండ్రిని దాటుకొని పోయి తల్లినే అడుగుతాడు. తెలివి తక్కువవాడైతే ఇక్కడ ‘ఈ ఇంట్ల నేనేడ ఉన్న?’ అని అడిగి కూర్చుంటాడు. మీరు అట్లా చేయకండి. పట్టపగలు బల్బు వెలుగుతుంటే ‘కరెంటు బిల్లు ఎవడు కడ్తడు?’ అని కేకేయండి. ఆమెకు కూడా ఒకటి కావాలి. ఇన్నేళ్లు ఒక్కతే లాక్కొచ్చినందుకు ఒక్క మాట వినాలని ఉంటుంది. అది ఆమె అడగకూడదు, మీరు అనకూడదు. ఆమె అన్నం గిన్నెను నేల మీద టంగుమనిపించాలి. ఒకవైపు బల్బు, ఒకవైపు గిన్నె, రెండు నెలల సెలవు ఇట్టే గడిచిపోతుంది. ఎయిర్‌పోర్టుకు పోయే కారు ఎక్కేటప్పుడు ఇద్దరికీ ఏదో మిగిలిపోయినట్టు అనిపిస్తుంది. పచ్చడి డబ్బా మరిచిపోయారేమో చూసుకోండి.

వడ్ల కుప్ప దగ్గర

నిజాంసాగర్ 1931లో పూర్తయినప్పటి నుంచి ఈ నేల వరికి అలవాటు పడింది, మనుషులు వరి లెక్కలకు అలవాటు పడ్డారు. కొనుగోలు సెంటర్‌లో తేమ చూసే మిషను ఉంటుంది. గుప్పెడు వడ్లు పోస్తే అంకె చూపిస్తుంది. 17 దాటితే మళ్లీ ఎండబోసుకోమంటారు. మనిషిలో ఎంత తడి ఉందో చూపించే మిషను ఇంకా రాలేదు. వస్తే సెంటర్‌లో కుప్పల కంటే ముందు మనుషులనే వాపసు పంపాల్సి వస్తుంది.

మబ్బు పట్టిన రాత్రి పక్కపక్క కుప్పల దగ్గర మంచాలేసుకొని పడుకున్న ఇద్దరు రైతులు ఏం మాట్లాడుకోవచ్చంటే: తరుగు ఎంత తీస్తున్నరు, లారీ ఎప్పుడొస్తది, హమాలీలు దొరికిన్రా, టార్పాలిన్ పట్టా కిరాయి ఎంత. ఏం మాట్లాడుకోకూడదంటే: నిద్ర వస్తలేదు. ఒకడు ఆ మాట అన్నాడంటే రెండోవాడు ‘నాకు కూడ’ అంటాడు, తెల్లారేదాకా ఇద్దరికీ అదే పని అవుతుంది.

పండగలకు, చావులకు జాగ్రత్తలు

ఇంత కట్టుదిట్టం చేసినా వెనకటివాళ్లు అక్కడక్కడా సందులు వదిలిపెట్టారు. వాటిని ఈ తరం ఓపిగ్గా పూడుస్తోంది.

బతుకమ్మ ఒక సందు. ఏడాదికోసారి ఆడపిల్ల తల్లిగారింటికి వస్తుంది. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంటారు. ఒకామె చెప్తుంది, మిగతావాళ్లు అందుకుంటారు. పాటలో ఎవరో అత్త ఉంటుంది, ఎవరో అన్న తీసుకుపోవడానికి రాడు, ఎవరో చెల్లె ఎదురుచూస్తుంది. పేర్లు పాతవే, గొంతులో వణుకు మాత్రం ఎవరిది వారిదే. పది మంది కలిసి పాడుతున్నారు కనుక అందులో ఎవరు ఏడ్చారో తెలియదు. మూడు గంటలు అట్లా తిరిగి వచ్చిన ఆడమనిషికి ఆ రాత్రి తలనొప్పి రాదు, గోలీల వ్యాపారం దెబ్బతింటుంది. విరుగుడు దొరికింది: డీజే. ఆ సౌండుకు ఎవరి గొంతు వాళ్లకే వినపడదు. కిటికీ అద్దాలు కూడా అదురుతాయి, గుండె దడ ఉన్నవాళ్లకు అదొక సాకు.

చావు ఇంకో సందు. శోకం పెట్టే ముసలమ్మలు శవం మీద పడి రాగం తీస్తూ పోయినవాళ్ల గుణగణాలతో మొదలుపెట్టి, మెల్లగా తమ బతుకులోకి మళ్లేవాళ్లు. తనకు తినబెట్టని కొడుకు, తనను చూడని తోడబుట్టినవాడు, ఎప్పుడో చిన్నతనంలో పోయిన బిడ్డ, అన్నీ ఆ రాగంలోనే వచ్చేవి. ఆ వేళ ఆమెను ఎవరూ ఆపకూడదు, అదొక కట్టుబాటు. పక్కన కూర్చున్నవాళ్లు వీపు నిమిరేవాళ్లు. ఊరంతా వినేది. తెల్లారి ఎవరూ ఆమెను తప్పుపట్టేవాళ్లు కాదు. ఇంత పెద్ద గొంతుతో ఇంతమంది ముందు తన బాధ చెప్పుకునే అవకాశం ఆమెకు మరెక్కడా లేదు, అది కూడా ఇంకెవరో చస్తేనే. ఇప్పుడు ఫ్రీజర్ పెట్టె వచ్చింది, దాని మీద పడి ఏడిస్తే వాషర్ ఊడిపోతుందని అంటారు. పట్నం నుంచి వచ్చిన మనవలకు ఆ రాగం నామోషీ. ‘అమ్మమ్మా, ఊకో, బీపీ పెరుగుతది’ అంటారు. మీరు కూడా అదే అనండి. బీపీ పేరు చెప్తే ఎంత పెద్ద శోకమైనా గొంతులోనే ఆగిపోతుంది.

మూడోది దసరా. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకోవాలి. మన దిక్కు మగవాడు ఇంకో మగవాణ్ణి మెలకువగా ఉండి కౌగిలించుకునేది ఏడాదికి ఆ ఒక్క సాయంత్రమే. దీన్ని ఎత్తేయడం కుదరదు, పండగ కదా. అందుకని వేగం పెంచండి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వీపు మీద చరుపు, అయిపోవాలి. మూడేళ్లుగా గెట్టు పంచాయితీతో మాట్లాడని అన్న ఎదురొచ్చి పట్టుకొని వదలకపోతే కంగారుపడకండి. ‘మోటరు బాగైందా?’ అని అడగండి, వదిలేస్తాడు.

ఫోన్ నంబరు ఒకటి

చివరగా ప్రభుత్వం సంగతి. 2017లో వచ్చిన ఒక చట్టం మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని తేల్చేసింది. అక్కడితో ఊరుకోకుండా 2022 అక్టోబర్ 10న టెలి మానస్ అని మొదలుపెట్టి 14416 నంబరు ఇచ్చారు. రాత్రీ పగలూ ఎత్తుతారు. పైసా తీసుకోరు. తెలుగులోనే మాట్లాడతారు. బస్సెక్కి హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దాకా పోయే పని లేదు, పోతుంటే ఊరివాళ్లు చూస్తారన్న భయం లేదు. ఎంత చిక్కు తెచ్చిపెట్టారో చూడండి. ఇన్నాళ్లూ ‘మన దగ్గర అసొంటివి యేడున్నయి’ అనే మాట పనికొచ్చేది, ఇప్పుడది కూడా లేకుండా పోయింది.

ఆ నంబరుకు చేస్తే జరిగే నష్టం ఇంకొకటి ఉంది. అక్కడ మీ లోపలున్నదానికి మీ చేతే పేరు పెట్టిస్తారు. ఇది ప్రమాదకరమైన పని. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన బృందమూ మనుషులను స్కానర్‌లో పడుకోబెట్టి కోపంగా, భయంగా ఉన్న ముఖాలు చూపించారు. ముఖంలో కనిపించే భావానికి ‘ఇది కోపం’, ‘ఇది భయం’ అని పేరు పెట్టినప్పుడు, మెదడులో భయానికి అదిరిపడే అమిగ్డలా అనే భాగం నెమ్మదించిందట. ఒక్క మాట! గోలీ లేదు, సీసా లేదు, స్లాబు లేదు. ఇది ఊళ్లో పాకితే కంచం నెట్టేవాడు ఎవడు, బల్బు కోసం అరిచేవాడు ఎవడు, సెలైన్ పెట్టించుకునేది ఎవరు? అందుకే ఏం చేసినా పేరు మాత్రం పెట్టకండి. ‘ఎట్లనో ఉన్నది’ అనండి. ‘మంచిగ లేదు’ అనండి. ఇంకా గుచ్చి అడిగితే ‘ఏమో’ అనండి. ‘నాకు ఒంటరిగ అనిపిస్తున్నది’ లాంటి వాక్యం నోటి దాకా వస్తే దగ్గండి.

ఇన్ని చెప్పినా వినకుండా ఏ అర్ధరాత్రో మీ వేళ్లు 14416 నొక్కేశాయనుకోండి. పెరట్లోకి పోకుండా, నలుగురూ పడుకున్న గదిలోనే స్పీకర్ పెట్టి మాట్లాడండి. అటువైపు మనిషి నెమ్మదిగానే మాట్లాడొచ్చు, తొందరపెట్టకపోవచ్చు, అందుకు పడిపోవద్దు. ‘మీకు ఇప్పుడు ఏం కావాలనిపిస్తున్నది?’ అని అడిగితే తడుముకోకండి. ‘రెండు బస్తాల యూరియా’ అని చెప్పి ఫోన్ పెట్టేయండి.